కోళ్లదొంగకు పచ్చదీపం

ఇంటింటి గుమ్మం మీదా మనసు చదివే దీపం వచ్చాక, రక్షణ పొందినవాళ్లెవరో వీధిలోంచే తెలిసిపోతోంది. ఎర్రగా వెలిగితే ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు. పచ్చగా వెలిగితే ఏకంగా పరలోకమే.

ఆ ఉదయం కోళ్లదొంగ మోషే ఇంటి దీపం పచ్చబడింది.

"మా పుంజును మింగినోడికి పరలోకమా? అక్కడ వాడు పక్కింటోడైతే నేను రానే రాను!" అని అరిచింది ఎదురింటి సంతోషమ్మ, మనవరాలు రిబ్కా పక్కనుండగా. ఆ అరుపుతో సంతోషమ్మ ఇంటి దీపం కాస్తా ఎర్రబడింది.

సాయంత్రం మోషేనే వాళ్ల గుమ్మంలోకి వచ్చాడు. "నీ మనసు మారాలని ప్రార్థన చేయమన్నారు పెద్దమ్మా, పాస్టరుగారు."

"నువ్వా నాకు! సరే, తొందరగా కానీ," అని సంతోషమ్మ ప్రార్థనకు తలమీద ముసుగేసుకుంది.

ప్రార్థన మధ్యలో రిబ్కా దొంగచాటుగా చూసింది. నాయనమ్మ ఒక కన్ను మోషే మీదుంది. మోషే ఒక కన్ను కోళ్లగూటి మీదుంది. ఇద్దరి సంగతీ తెలిసి కూడా క్షమించింది కాబోలు, గుమ్మం మీది దీపం పచ్చగా వెలిగింది.