కత్తెర తుడవని మనిషి

గుసగుస ఫోన్ మీద తుండుగుడ్డ చుట్టింది. గుసగుస అన్నది, మాట పెదవి దాటదని ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు. గొంతు వణికినా గుడ్డలో కలిసిపోతుందని ఆమె ఉపాయం. లోకానికి ధైర్యం పంచిపెట్టిన రోజు తను మంచం కింద దాక్కుని ఉంటుంది.

పెరట్లో మూడు నిమ్మచెట్లకు జబ్బు చేసింది. నాలుగోది తను గింజ నాటి పెంచుకున్నది. మొదటిసారి మొగ్గ తొడిగింది. రేపు పొద్దున్నే నాన్న దాని కొమ్మలు కత్తిరిస్తానన్నాడు, ఆ మూడింటినీ కోసిన కత్తెరతోనే. చెట్ల విషయంలో ఆయన మాటే ఇంట్లో చట్టం. వద్దని చెబుదామని వెళ్ళినప్పుడల్లా గుసగుస నోట్లోంచి "మంచినీళ్ళు కావాలా నాన్నా?" అనే వచ్చింది. పాపం, ఆయన వద్దనకుండా తాగాడు.

అందుకే నాన్న ఇంట్లో లేని ఈ శనివారం మధ్యాహ్నం, రేడియోలో ఫోన్లకి జవాబులిచ్చే చెట్ల డాక్టరుకు ఫోన్ కొట్టింది. నిజానికి కొట్టింది అమ్మ.

"మాట్లాడవే. ఆయనేమన్నా నిన్ను కొరుక్కుతింటాడా?"

"నమస్తే డాక్టరు గారూ... నిమ్మాకుల మీద మచ్చలండి. గోధుమరంగువి. గరుగ్గా, పొక్కుల్లా ఉన్నాయి. చుట్టూ పసుపు వలయం."

"గజ్జి తెగులమ్మా. బాక్టీరియా వల్ల వస్తుంది. ఎన్ని చెట్లకుంది?"

"మూడిటికండి. ఒకదాని తర్వాత ఒకదానికి అంటుకుంది."

"కొమ్మలెవరు కోస్తారు?"

గుసగుస తుండుగుడ్డని ఇంకో చుట్టు చుట్టింది. "మా నాన్నండి. వాన వెలిసీ వెలవగానే కోస్తారు. కత్తెర తుడవరు."

"ఇంకేం! జబ్బుని చెట్టు నుంచి చెట్టుకి దగ్గరుండి మోస్తున్నది ఆయనే!" డాక్టరు గొంతు పెరిగింది. "ఆకులు బాగా ఆరాకే కొయ్యాలి. కోసిన ప్రతిసారీ కత్తెరని స్పిరిట్‌తో తుడవాలి. జబ్బు కొమ్మలు కాల్చెయ్యాలి. ఆపైన సున్నం, మైలుతుత్తం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టాలి. వేరే మందులక్కర్లేదు. ఇదంతా మీ నాన్నకి చెప్పు."

"వినరండి. నాకన్నీ తెలుసంటారు."

"అలాంటి మేధావులు ఇంటికొకరుంటారమ్మా! మంచి చెట్టు జోలికి మాత్రం ఆయన్ని రానివ్వకు. నా మాటగా చెప్పు!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి జారగిలబడింది.

గుసగుస ఫోన్ పెట్టేసింది. అరచేతులు చెమటతో ముద్దయ్యాయి. ఇంత తడి చేతులతో ఇప్పుడు తనే ఏ చెట్టునూ ముట్టుకోకూడదు.

సాయంత్రం రేడియో స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన నాన్న, చెప్పులైనా విప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా, "స్పిరిట్ సీసా ఎక్కడుందే?" అని అమ్మనడిగాడు.