సిద్దమ్మ ఉమ్మి

1946లో జాతర కోసం బంగారు గనుల కూలీలు కుప్పంలో తమ ఇళ్లకు వచ్చారు. గని మేస్త్రీ గోపాలప్ప అదే అదనుగా తెలుగు కూలీలకు వేరే పార్టీ పెట్టాడు. నెల కిందట గనిలో చనిపోయిన కూలీ భార్య సిద్దమ్మను వేదిక ఎక్కించాడు.

"ఈయమ్మ మొగుణ్ని సంపింది అరవోళ్లే! తెలుగోళ్లమంతా ఒకటి కావల్ల!" అని అరిచాడు.

సిద్దమ్మ అతనివైపు తిరిగింది. "అదేందప్పా! మా ఇంటాయన మింద రాయి కూలింది గదా. పొద్దు గూకేదాకా తవ్వి ఆయన్ను బయటికి తీసింది మా పక్కింటి అరవాయనే!"

"పార్టీ పెద్దది కావల్లంటే అట్టనే సెప్పల్ల. ఊరికే ఉండమ్మా," అని గొణిగి, గోపాలప్ప డప్పులు కొట్టమని సైగ చేశాడు. జనం కేకల్లో, డప్పుల మోతలో ఆమె మాట వేదిక కింద ఎవరికీ వినబడలేదు.

చచ్చినవాణ్ని కూడా వీడు వదలలేదే అనుకుంది సిద్దమ్మ. గోపాలప్ప కాళ్ల ముందే కాండ్రించి ఉమ్మింది.

అతను క్షణం తడబడి, చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. "సూసినారా! అరవోళ్ల పేరెత్తితేనే ఈయమ్మకు ఎంత అసయ్యమో!"

జనం ఈలలు వేశారు. దిగివస్తున్న సిద్దమ్మకు దారి ఇచ్చి, ఆడవాళ్లు ఒక్కొక్కరే వేదిక ఎక్కారు. ఆమె ఉమ్మినచోటే తామూ ఉమ్మి పార్టీలో చేరారు.