మోకాలడ్డు

పెరట్లో ఈతకొలనుకు టైల్స్ అతికిస్తుండగా ఇంటి యజమానికి కొత్త కోరిక పుట్టింది.

గట్టు మూలల నుంచి నీళ్లు విల్లులా వంగి కొలను మధ్యలో పడాలి. బావమరిది ఎక్కడో చూసి వచ్చి చెప్పాడు. చెప్పినవాడి సొమ్మేం పోయింది.

కాంట్రాక్టరు తల గోక్కున్నాడు. జెట్లు కావాలంటే ముందే అనాల్సిందన్నాడు. గట్టు పగలగొట్టి పైపులు వేయొచ్చు గాని, ఇప్పుడున్న మోటారు చాలదు, పెద్దది పెట్టాలన్నాడు.

"పెట్టు. పిల్ల పుట్టినరోజుకి నీళ్లు ఎగరాలి, అంతే."

"అడుగున నీళ్లు లాగే జాలీ ఒకటేనాండీ?"

ఆ గొంతు ప్రహరీ అవతలి నుంచి వచ్చింది. పక్కింటి మేడ మీద గదిలో అద్దెకు దిగిన ఒంటరి మనిషి. మాసిన గడ్డం. గొయ్యి తవ్వినప్పటి నుంచి ఆ గోడ దగ్గరే కనబడుతున్నాడు.

ఒకటేనన్నాడు కాంట్రాక్టరు.

"పెద్ద మోటారు లాగుడికి ఒక్క జాలీ అయితే ప్రమాదం. దూరంగా ఇంకోటి పెట్టించండి. చిన్నపిల్ల దిగే నీళ్లు."

రెండోది పెట్టాలంటే అతికించిన నేలంతా లేపాలి. పుట్టినరోజు దాటిపోతుంది. యజమాని కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెడితే మంచిదేనని గొణిగాడు. పెట్టకపోయినా చాలాచోట్ల నడుస్తోందని కూడా గొణిగాడు.

యజమానికి రెండో మాటే వినబడింది.

ఆ మనిషి వదల్లేదు. రోజూ అదే పాట. ఒకసారి గేటు దగ్గర యజమాని భార్యను ఆపి, పాపకు జుట్టు ముడివేసి టోపీ పెట్టందే నీళ్లలో దింపొద్దన్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. పరాయి మగాడికి నా కూతురి జుట్టుతో పనేమిటని భర్త మీద విరుచుకుపడింది.

బావమరిది అతనికి మోకాలడ్డు అని పేరు పెట్టాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు.

యజమాని నవ్వలేదు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, మీ అద్దెమనిషిని అదుపులో పెట్టుకోండని చెప్పి వచ్చాడు. ఆవిడ ఏదో చెప్పబోతే వినలేదు. ప్రహరీ మీద అడ్డంగా రేకులు కట్టించాడు.

పుట్టినరోజు సాయంత్రం మోటారు వేశారు.

గట్టు నుంచి నీళ్లు లేచాయి, వంగాయి, రంగు దీపాల్లో మెరుస్తూ పడ్డాయి. చుట్టాలు ఫోన్లు పైకెత్తారు. పిల్ల ఆ నీటి కిందికి ఈదుకుంటూ వెళ్లి బుడుంగున మునిగింది.

అందరూ పైకే చూస్తున్నారు.

పిల్ల తేలలేదు.

తల్లి అరుపుకు యజమాని బట్టలతోనే దూకాడు. పిల్ల తల జాలీకి అతుక్కుని ఉంది. జుట్టు లోపలికి పోయింది. లాగాడు. రాలేదు. బావమరిది దూకాడు. ఇద్దరూ కలిసి లాగారు. పైన నీళ్లు అందంగా ఎగురుతూనే ఉన్నాయి.

మోకాలడ్డు రేకులు తోసుకుని గోడ దూకాడు. కొలను వైపు ఒక్కసారి చూశాడు. చూసి, దానికి వీపు తిప్పి ఇంటి వెనక్కి పరిగెత్తాడు.

"ఈత రాదు కాబోలు," అన్నారెవరో.

"రాకపోతే నిలబడొచ్చుగా. ఆ పరుగేంటి?"

వెనక మోటారు గదికి తాళం ఉంది. తాళంచెవి యజమాని జేబులో, నీళ్ల కింద ఉంది. మోకాలడ్డు ఇటుక తీసుకుని తాళం మీద కొట్టాడు.

వాచ్‌మన్ చూశాడు. సందట్లో సడేమియా అనుకున్నాడు. కర్రతో వీపు మీద ఒక్కటిచ్చాడు. అతను వెనక్కి తిరగలేదు. మళ్లీ తాళాన్నే కొట్టాడు. ఈసారి కర్ర తల మీద పడింది.

తాళం ఊడింది. లోపలికి తూలి, స్విచ్ కిందికి లాగేశాడు.

కొలనులో యజమాని మరోసారి లాగాడు. పిల్ల చేతుల్లోకి వచ్చేసింది.

గట్టున పడుకోబెట్టి ఛాతీ నొక్కారు. పిల్ల కదల్లేదు. ఇంకా నొక్కారు. భళ్లున నీళ్లు కక్కి ఏడ్చింది.

అప్పుడే వాచ్‌మన్ మోకాలడ్డును కాలరు పట్టి ఈడ్చుకొచ్చాడు. మోటారు గది తాళం పగలగొట్టాడని చెప్పాడు.

యజమాని అతని చెంప పగలగొట్టాడు. "నా పిల్ల చస్తుంటే నీకు దొంగతనం కావాల్సొచ్చిందా?"

"నీళ్లలో కాలైనా పెట్టలేదు," అంది తల్లి. "నువ్వూ ఒక మగాడివేనా?"

అతని చెవి పక్క నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు. పిల్ల ఏడుపు వింటూ నిలబడ్డాడు. ఇక చాలన్నట్టు తలూపి, గేటు దాటి వెళ్లిపోయాడు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చి మోటారు గది చూశాడు. బయటికి వచ్చి, మెయిన్ స్విచ్ కిందికి లాగేసి ఉందన్నాడు.

"మీరు లాగితే రాలేదు సార్. ఆ మోటారు తిరుగుతుంటే ఊరంతా లాగినా రాదు. అతను ఆపాడు కాబట్టి వచ్చింది."

యజమాని చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి మెట్లెక్కాడు. గది ఖాళీ. పక్కింటావిడ ఊడుస్తోంది. తెల్లారకుండానే వెళ్లిపోయాడంది. ఎక్కడికో చెప్పలేదంది.

"ఈత రాని పిరికివాడు, దొంగ అనుకున్నాం," అన్నాడు యజమాని.

ఆవిడ చీపురు ఆపింది.

"ఆ రోజు గుమ్మంలో నన్ను చెప్పనిస్తేగా. వాళ్ల ఊళ్లో సగం మంది పిల్లలకు ఈత నేర్పిన మాస్టారండీ ఆయన. సొంత కూతురు ఇలాగే చిక్కుకున్న రోజు మోటారు ఆపాలని తోచక, మీలాగే నీళ్లలోకి దూకి, ఆ పిల్ల ప్రాణం పోయేదాకా లాగుతూనే ఉండిపోయాడు."