పేరు రాయవలసిన గడి

కాకినాడలో పిలిస్తే చాలు, కార్లు గుమ్మం ముందుకొచ్చి నిలబడే రోజులవి. తాళంచెవి తిప్పి నడిపే పెట్రోలు కారు సత్తిరాజు ఒక్కడి దగ్గరే మిగిలింది. ఏడాదికోసారి దాన్ని అధికారుల ముందు స్టార్ట్ చేసి చూపించాలి. లేకపోతే తుక్కు కింద పట్టుకుపోతారు.

తనిఖీకి అధికారిణి వచ్చిన ఆ ఉదయం ముసురు. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను తిరుగుతోందే గాని అంటుకోవడం లేదు. పాత కార్ల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చిన సత్తిరాజు ప్లగ్గులు విప్పి తుడిచాడు, బ్యాటరీ తీగలు బిగించాడు. చివరికి సిగ్గు విడిచి, "స్టార్ట్ అవ్వమ్మా" అని కొత్త కార్లకు చెప్పినట్టే బతిమాలాడు. అధికారిణి నవ్వు ఆపుకుంది. సత్తిరాజుకైతే తన మీద తనకే నవ్వొచ్చింది.

వంటింట్లోంచి భార్య మంగతాయారు పొడిగుడ్డ పట్టుకొచ్చింది. ఆమె తండ్రి ఒకప్పటి టాక్సీ డ్రైవరు.

"జరగండి. డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరితే నిప్పురవ్వ ఎలా పుడుతుందండీ?" అంటూ మూత తీసి, లోపల శుభ్రంగా తుడిచి బిగించింది. ఈసారి ఒక్క తిప్పుకే కారు గర్జించింది.

"నీకీ పని వచ్చని ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు నన్ను మాట్లాడనిస్తేగా!"

అధికారిణి ఫారం తెరిచి, "కారు బాగుచేసే నిపుణుల పేరు?" అని అడిగింది.

సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు. "మంగతాయారు. 'తా'కి దీర్ఘం," అని చెప్పి, సహాయకుడికి కూడా గడి ఉందేమోనని ఫారంలోకి తొంగిచూశాడు.