పాత ముఖం

"క్యాన్సర్ కాదమ్మా, ఆ భయం వదిలెయ్యండి," అన్నాడు డాక్టర్ సియోసిఫా, ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకెత్తి.

లూపే తల్లి లవినియా దేవుణ్ణి తలుచుకుంది. ఆమె ఒంటిమీద ఎప్పటిలాగే సంతాపపు నల్లబట్టలు.

"అలాగని ఊరుకునే గడ్డ కాదిది. లోపల్లోపలే ఎముకను తినేస్తుంది. వదిలేస్తే నోరే తెరుచుకోదు. పాడైన దవడ ముక్క తీసేసి, కాలి ఎముక అతకాలి."

"కాలి ఎముకా! ఇప్పటికే నా నోరు ఆగదంటుంది అమ్మ. ఇక పరుగే!" అంది లూపే.

డాక్టరు నవ్వాడు. లవినియా నవ్వలేదు.

నవ్వులాటలన్నీ పైపైకే. గడ్డ ఎడమ దవడంతా ఆక్రమించాక లూపే చర్చిలో పాటగాళ్ళ వెనక వరసకు జరిగిపోయింది. ఉన్న ఫొటోలన్నీ ఒకరోజు కోపంలో తనే చింపేసింది. ఇప్పుడు తన ముఖం ఎలా ఉండేదో తనకే సరిగా గుర్తులేదు. ఆ ముఖం మళ్ళీ కావాలి, అంతే.

"పాత ఫొటో ఏదైనా ఉందా? చూసి ఆ పోలిక తెస్తాను," అన్నాడు డాక్టరు.

"లేదండీ," అంది లూపే.

"ఉంది," అంది తల్లి.

ఆసుపత్రి ఉన్న నుకుఅలోఫా పట్నం నుంచి లవినియా పడవెక్కి తమ దీవికి వెళ్ళి తెచ్చింది. గుడ్డలో చుట్టిన పటం. అంచుల్లో ఇసుక.

"ఏదీ, చూడనీ అమ్మా!"

"ఇప్పుడెందుకే? రేపు అద్దంలో చూసుకుందువు గానీ."

"ఎండకు బాగా వెలిసిపోయింది. అయినా గడ్డం తీరు తెలుస్తోంది," అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని వారాలకు కట్లు విప్పారు, వాపూ తగ్గింది. నర్సు అద్దం అందించింది.

చక్కని ముఖమే. లూపేకు ఏడుపొచ్చింది. ఎక్కడో బాగా చూసిన ముఖం, కానీ ఎంతసేపు చూసినా తనదనిపించలేదు.

అప్పుడే తల్లి లోపలికొచ్చింది. పూల గౌను వేసుకుంది. కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత పరుగున వచ్చి, రెండు చేతులతో ఆ ముఖాన్ని పట్టుకుని ముద్దులు కురిపించింది.

"వచ్చేశావా తెలేసియా! నా బంగారుతల్లీ, వచ్చేశావా!"

తెలేసియా లూపే అక్క. జ్వరంతో పోయిన ఆమె సమాధి మీదిదే ఆ ఫొటో.