ఒమొఒమొషీ

"మీకింకా ఎంతసేపు పడుతుందండీ? నాకు పరీక్ష ఉంది."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పెద్దాయన తలెత్తి, చీటీ మీద రాసి చూపించాడు. 'ఐదు నిమిషాలు.'

ఆమెకు ఒళ్లు మండింది. లైబ్రరీలో జపనీస్ పాఠాల డిస్కు ఒక్కటే ఉంది. రోజూ ఆమె వచ్చేసరికి అది ఈయన దగ్గరే ఉంటుంది.

సోమవారం కంపెనీలో దుబాసీ ఉద్యోగానికి మౌఖిక పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే గోడౌన్‌లో పెట్టెలకు లేబుళ్లు అంటిస్తూ ఉండిపోవాల్సిందే.

ఒంటరి మనిషి. రోజంతా కలిపి ఆమెతో తీరిగ్గా మాట్లాడేది ఆ డిస్కులోని గొంతొక్కటే.

'ఒమొఒమొషీ' అంటుంది ఆ గొంతు. బరువు, హుందాతనం కలిసి ఉన్న అని అర్థం. ముఖానికీ మాటకూ నడకకూ వాడతారట. ఆమె తన మేనేజర్ నడకకు పెట్టి చూసింది. ఆయనలో బరువే తప్ప హుందాతనం కనిపించలేదు.

పెద్దాయన మెడకు మఫ్లర్ సర్దుకుని లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె ఆ మాటను గబగబా పలుకుతుంటే విని, వేలితో బల్ల మీద నిదానంగా ఆరుసార్లు తట్టాడు. అక్షరానికొకటి, చివరి దీర్ఘానికి రెండు. అంత నెమ్మదిగా పలకాలన్నమాట.

"ఒక్క ముక్క పలకలేని మీరా నాకు నేర్పేది?"

నాలుక కరుచుకుంది గానీ మాట నోరు దాటిపోయింది. ఆయన కోప్పడలేదు. చీటీలు జేబులో పెట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. డిస్కు చేతికొచ్చినా ఆమెకు సంతోషం కలగలేదు.

పరీక్షలో ఆ మాటే వచ్చింది. బల్ల కింద వేలితో ఆరుసార్లు తట్టుకుంటూ పలికింది. ఉద్యోగం వచ్చింది.

చెప్పుకోవడానికి ఎవరూ లేరు. లైబ్రరీకి పరుగెత్తింది.

"మఫ్లర్ పెద్దాయన రాలేదా మేడం? క్షమాపణ చెప్పాలి."

లైబ్రేరియన్ కళ్లజోడు తీసింది. "నిన్న ఆసుపత్రిలో పోయారమ్మా. చేరేముందు ఈ చీటీ ఇచ్చి వెళ్లారు."

'ఆ అమ్మాయికి పరీక్ష ఉంది. డిస్కు తనకే ఇవ్వండి.'

ఆమె చీటీని మళ్లీ చదువుకుంది. "రోజూ ఆ పాఠాలు ఆయనకెందుకు మేడం?"

"ఆపరేషన్‌లో గొంతు తీసేశాక ఆయన మాట ఆయనకు వినబడేది ఆ డిస్కులోనే కదమ్మా, ఆ పాఠాలు చదివింది ఆయనే."