మట్టి తొక్కినవాడు

"చిమ్నీని వంటింటి మూల నిలబెట్టి, తల పైకప్పు దాటించాలి బాబాయ్" అంది ఆరోగ్యమేరి.

సన్యాసిరావు చేతిలో టీ గ్లాసు తొణికింది.

"సిన్నమ్మినా? మూల నిలబెట్టేటంత తప్పేటి సేసిందమ్మా? అయినా అది ఇంటికాడ నేదు. మనవరాల్ని అట్టుకుని అనకాపల్లి ఆసుపత్రికెల్లింది."

"చిన్నమ్మి కాదు, చిమ్నీ. పొగగొట్టం."

"అలా సెప్పు. ముప్పై ఏళ్ల కాపరంలో నానే దాన్ని మూల నిలబెట్టలేకపోయేను."

అరుగు మీద చేరినవాళ్లు నవ్వారు. గుమ్మంలో కోడలు లావణ్య మాత్రం నవ్వలేదు. మూడేళ్ల కూతురికి వారం నుంచీ ఆయాసం. మందులు ఎన్ని పోసినా ఇంట్లో కట్టెలపొయ్యి పొగ ఉన్నన్నాళ్లూ తగ్గదని డాక్టరు కిందటిసారే తెగేసి చెప్పాడు. అందుకే డ్వాక్రా సంఘం తరఫున పొగలేని పొయ్యిలు కడుతున్న ఆరోగ్యమేరిని పట్టుపట్టి పిలిపించింది. సాయంత్రం పిల్ల తిరిగొచ్చేసరికి ఇంట్లో పొగ ఉండకూడదు.

మధ్యాహ్నానికి పొయ్యి లేచింది. గొట్టమూ లేచింది. లావణ్య చెరకు పిప్పి ఎగదోసి అగ్గిపుల్ల గీసింది. పొగ గొట్టం దాకా వెళ్లి, దారి నచ్చనట్టు వెనక్కి తిరిగి, చుట్టంలా ఇల్లంతా కలయదిరిగింది. పేరులోనే ఆరోగ్యం పెట్టుకున్న మేరి అందరికంటే ఎక్కువ దగ్గింది. మూడుసార్లు విప్పి కట్టింది. మూడుసార్లూ అదే వరస.

ఆఖరికి అరుగు దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఒక్కసారి మీరు చెయ్యి వెయ్యండి. బెల్లం పొయ్యి అంటే చీడికాడ నుంచి సబ్బవరం దాకా మీ పేరే చెబుతారు."

అబద్ధం కాదు. చెరకురసం కాచే పొయ్యి కట్టడంలో సన్యాసిరావుది పెద్ద పేరు. కట్టేటప్పుడు చుట్టూ గోనెపట్టాలు దించేసి, దిష్టి పేరు చెప్పి పిట్టను కూడా చూడనిచ్చేవాడు కాదు. అన్నం క్యారేజీ పట్టుకుని భార్య చిన్నమ్మలు ఒక్కతే లోపలికి వెళ్లాలి. పట్టాలు తీసేసరికి పొయ్యి తయారు. ఆ పొయ్యిల్లో లేని పొగంతా రైతుల పొగడ్తల్లో ఉండేది.

"ఆడోళ్ల పొయ్యిలో నాను సెయ్యెట్టను" అన్నాడు సన్యాసిరావు.

"ఏ పొయ్యికైనా పొగ పొగే కదా బాబాయ్."

"ఇయ్యాల మంగళారం. మంచిది కాదు."

"మావయ్యా, పిల్లొచ్చేత్తాది" అంది లావణ్య కళ్లు తుడుచుకుంటూ. పొగకో, దుఃఖానికో తెలియలేదు.

"ఎల్లు బావా" అన్నాడు పక్కింటి ఎర్రయ్య. "ఊరోళ్ల బెల్లానికి కట్టినోడివి, నీ మనవరాలికి కట్టలేవేటి?"

సన్యాసిరావు లేచాడు. లోపలికెళ్లి గొట్టంలోకి తొంగి చూశాడు. ఒక ఇటుక మీద చెయ్యి వేశాడు, తీశాడు. తలగుడ్డ సర్దుకుని మళ్లీ అరుగెక్కి కూర్చున్నాడు.

ఈ ఇంట్లో పొగ కంటే ఈయన పొగరే ఎక్కువ అనుకుంది ఆరోగ్యమేరి.

ఇంతలో ఆటో ఆగింది. చిన్నమ్మలు దిగింది. భుజం మీద పిల్ల ఊపిరి ఈల వేస్తోంది. గుమ్మంలోంచి వస్తున్న పొగను చూసి, పిల్లను లావణ్య చేతిలో పెట్టి, "బయటే ఉండు" అంది. మొగుడి వైపు ఒకసారి చూసింది. అతను నేల చూశాడు. ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకుని లోపలికి నడిచింది.

ఆరోగ్యమేరి వెనకే వెళ్లి చూస్తూ నిలబడిపోయింది. చిన్నమ్మలు గొట్టం మొదట్లో రెండు ఇటుకలు ఊడదీసింది. దారి ఇరుకు చేసింది. ఏటవాలుగా పైకి మట్టి మెత్తి, అరచేత్తో నున్నగా నిమిరింది. ఆ చేతికి తడబాటు లేదు, కొలబద్ద అక్కర్లేదు. పిప్పి రాజేసింది. పొగ బుద్ధిగా గొట్టంలో దూరి, పైకప్పు దాటి, ఆకాశంలోకి పోయింది.

లావణ్య పిల్లను ఎత్తుకుని గుమ్మం దాటింది. పిల్ల దగ్గలేదు.

బయట ఎర్రయ్య చప్పట్లు కొట్టాడు. "సూసేరా మా బావ పనితనం. పెళ్లానికి కూడా ఎంత బాగా నేరిపేడో."

అందరూ అవునవునన్నారు. సన్యాసిరావు తలగుడ్డ విప్పి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేరిపింది నాను కాదురా. మీ అందరి బెల్లం పొయ్యిలూ కట్టింది అదే. నాను మట్టి తొక్కేవోణ్ణి."